దొరసాని ఊపిరి

అమ్రాబాదు,
12 నవంబరు 1961

మామకు,

యాదలక్ష్మి నమస్కారాలు. ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపిస్తావని తెలుసు కాబట్టి ముందు అమ్మకు రాయాల్సింది రాసేస్తాను. నేను వేళకు తింటున్నాను. స్వెట్టరు వేసుకుంటున్నాను. ఇక్కడి అడవిలో పులి ఇంతవరకు నన్ను పలకరించలేదు.

ఇక నీకు. నీ దొరసాని కులాసాగానే ఉంది. నువ్వు డ్రైవరుగా ఉన్న వకీలు సాబు పోయాక ఆ నల్ల విలాయతి కారును నేను పనిచేసే ఈ ప్రసూతి దవాఖానకు ఇప్పించింది నువ్వే కనుక, దాని మంచిచెడ్డలు నీకే రాయాలి. ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు లారీలు దగ్గుతాయి కానీ ఇది దగ్గదు. ఎండలో నిలబెట్టినప్పుడు లోపల చక్కని వాసన వస్తుంది. వకీలు సాబు అత్తరు ఇంకా సీట్లలో ఉందేమో అని మా డాక్టరమ్మ అంటారు.

ఒక్కటే బాధ. ముందు అద్దం కింద ఉన్న ఆ నల్ల డబ్బా, అదే హీటరు, పనిచేయడం లేదు. మీట తిప్పితే చప్పుడు కూడా రాదు. భువనగిరి ఎండల్లో అందరూ దాన్ని చూసి నవ్వేవారని నువ్వే చెప్పావు. ఇక్కడ దాని అవసరం వచ్చింది.

జంగమ్మ అని ఒక కూలి మనిషి ఉంది. ఇంతకు ముందు రెండుసార్లు నెలలు నిండకముందే కాన్పు అయింది. రెండుసార్లూ బిడ్డ ప్రాణంతోనే పుట్టింది. మహబూబునగరు పెద్ద దవాఖానలో అటువంటి పసికందులను వెచ్చగా ఉంచే పెట్టె ఉంది. కానీ ఇక్కడి నుంచి అక్కడికి చేరేలోపు, పుష్యమాసపు చలిలో, ఇద్దరూ దారిలోనే చల్లబడిపోయారు. వేడినీళ్ళ సీసాలు ఘాటు దిగేలోపే చల్లారిపోతాయి. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది. ఈసారి కూడా చలికాలమే. బండిలో వేడి ఉంటే బిడ్డ దక్కుతుందని డాక్టరమ్మ ఆశ.

మా డ్రైవరు దశరథం బస్సు నడపడానికి వెళ్ళిపోయాడు. ఇప్పుడున్నది కొత్త డ్రైవరు. ఏం చేయాలో వివరంగా రాస్తే డ్రైవరు చేస్తాడు.

నీ మేనకోడలు,
యాదలక్ష్మి

రామన్నపేట,
21 నవంబరు 1961

కోడలు యాదలక్ష్మికి మామ గాలయ్య దీవెనలు.

ఉత్తరం అందింది. మీ అమ్మకు చదివాను. పులి మాట వచ్చిన చోట కండ్లద్దాలు తుడుచుకున్నట్టు చేసి దాటేశాను. ఆమె నమ్మలేదు. "ఆడ ఏమో రాసింది, చదవరా" అని నా మోచేయి పొడిచింది. మా అక్క నర్సింగమ్మకు అక్షరం రాదు గానీ, ఎక్కడ వాక్యం తెగిందో ఆమె చెవికి తెలుస్తుంది.

హీటరు సంగతి అడిగావు. దాని చరిత్ర తెలియనిదే దాని రోగం తెలియదు, కాబట్టి జర ఓపిక పట్టు. రెండో యుద్ధం అయిపోగానే ఆ బండిని ఒక తెల్లదొర ఓడలో తెప్పించుకున్నాడు. తన దేశానికి పోతూ పోతూ హైదరాబాదులో వకీలు సాబుకు అమ్మాడు. ఏ మీట దేనికో చెప్పకుండానే పోయాడు. నడివేసవిలో ఒక రోజు సాబు కోర్టు కచేరికి పోతూ, రేడియో అనుకొని ఆ మీట తిప్పాడు. వేడిగాలి మోకాళ్ళకు తగిలేసరికి ఇంజను అంటుకున్నదనుకొని, నల్లకోటుతో సహా బజారులో దూకాడు. ఎదురు పార్టీ వాళ్ళు అరుగు మీద నిలబడి చూస్తున్నారు. ఆ రోజు కేసు వాయిదా వేయించుకున్నాడు. తర్వాత ఆ మీట ఎవ్వరం ముట్టలేదు.

అత్తరు మాట తప్పు. సాబు దగ్గర నశ్యం వాసన, సిరా వాసన తప్ప ఇంకో వాసన ఉండేది కాదు. నీకు పడిశం పట్టి ఉంటుంది.

ఆ డబ్బాలో ఉండేది చాలా చిన్న ఏర్పాటు. ఇంజనులో మరిగిన నీళ్ళు ఒక రబ్బరు గొట్టంలో వచ్చి, డబ్బాలోని జాలీలో తిరిగి, ఇంకో గొట్టంలో వెనక్కి పోతాయి. జాలీ వెనక ఒక పంకా. అది విసిరితే వేడి బయటికి వస్తుంది. ఆ దొర దేశంలో అది దొరసానుల పాదాల కోసం. అందుకే ఆ బండికి నేను దొరసాని అని పేరు పెట్టాను.

మీ డ్రైవరును ముందు ఫ్యూజు చూడమను. అది మంచిగా ఉంటే బ్యాటరీ నుంచి ఒక తీగ తెచ్చి పంకా తీగకు తాకించమను. అప్పటికీ తిరగకపోతే, రెండో తీగను బ్యాటరీ అవతలి కొన నుంచి ఇచ్చి పంకా ఒంటికి తాకించమను. ఎప్పుడు తిరిగిందో రాయి. ఇంజను పక్కన గొట్టం మొదట్లో ఒక చిన్న నల్లా ఉంటుంది, అది తిప్పి తెరవమను. ఇంతకూ ఫ్యూజు చూసుకోవడం కూడా రాని డ్రైవరును ఎక్కడ పట్టారు?

మీ మామ,
గాలయ్య

అమ్రాబాదు,
3 డిసెంబరు 1961

మామకు,

నీ ఉత్తరం డాక్టరమ్మకు చదివి వినిపిస్తే, వకీలు సాబు దూకిన చోట ఆమె నవ్వు ఆపుకోలేక స్టెతస్కోపు కింద పడేసుకున్నారు.

డ్రైవరు మీద అంత కోపం వద్దు. ఘాటులో మలుపు మలుపుకీ గేరు మార్చడం దశరథం కంటే మేలని డాక్టరమ్మే అన్నారు. నువ్వు చెప్పినట్టే అన్నీ చేసి చూశాం. ఫ్యూజు మంచిదే. ఒక్క తీగతో పంకా తిరగలేదు. రెండో తీగ కూడా ఇస్తే గుర్రుమని తిరిగింది. నల్లా బిగుసుకొని ఉంది. కిరసనాయిలు పోసి నాననిచ్చి తెరిచాం. డ్రైవరు చేతులు సన్నవి కాబట్టి డబ్బా వెనక్కి పోయాయి. అక్కడ, డబ్బాను బండికి బిగించిన మర దగ్గర, తుప్పు పొరలు పొరలుగా రాలింది. వాసన కూడా అక్కడే ఎక్కువగా ఉంది. నాకు పడిశం లేదు.

జంగమ్మ పరీక్షకు వచ్చింది. "ఈపారి గూడ గట్లనే అయితదా అమ్మా?" అని అడిగింది. కాదు అని చెప్పాను. ఏ ధైర్యంతో చెప్పానో నాకే తెలియదు.

యాదలక్ష్మి

రామన్నపేట,
11 డిసెంబరు 1961

కోడలికి దీవెనలు.

రెండో తీగ ఇస్తే తిరిగిందంటే పంకా నిక్షేపంగా ఉన్నట్టు. దానికి కరెంటు పోయే దారి ఉంది, తిరిగివచ్చే దారి లేదు. ఆ మరే దాని తిరుగుదారి. గరుకు కాగితంతో మరనూ, దాని కింది ఇనుమునూ తెల్లగా మెరిసేదాకా గీకి, మళ్ళీ బిగించమను.

ఇక తుప్పు సంగతి. మూసి ఉన్న డబ్బా వెనకకు నీళ్ళు ఎట్లా పోయాయి? నాకు అర్థమైంది. మీ డ్రైవరు బకెట్లకు బకెట్లు నీళ్ళు గుమ్మరించి బండి కడుగుతున్నాడు. బండి బర్రె కాదు. తడిబట్టతో తుడవాలి. నేను నడిపినన్నాళ్ళు దొరసాని ఒంటి మీద నీళ్ళు పడింది వానకే. అతనికి ఈ మాట నా పేరు చెప్పి గట్టిగా చెప్పు.

సన్న చేతుల డ్రైవరును నేను ఇంతవరకు చూడలేదు. ఆ బండి చక్రం తిప్పాలంటే రొట్టెల పిండి పిసికినంత బలం కావాలి. అయినా నువ్వు అతన్ని వెనకేసుకొస్తున్న తీరు చూస్తే నాకు ఒక అనుమానం. అతనిది ఏ ఊరు? ఎవరి పిల్లగాడు? పెండ్లి అయిందా? మీ అమ్మ ముందర ఈ ప్రశ్నలు నేను ఎత్తలేదు. నీకు ఇష్టమైతే మామగా నేను మాట్లాడతాను. బండి కడగడం ఒక్కటి మానుకుంటే నాకు పెద్ద అభ్యంతరం లేదు.

ఇక్కడ ఊరంతా ఒకటే గుబులు. వచ్చే ఫిబ్రవరిలో ఎనిమిది గ్రహాలు ఒక్క ఇంట్లో చేరుతాయట, లోకం మునుగుతుందట. మా పక్కింటామె అండాలు విత్తనాలకు దాచిన పల్లీలు వేయించుకొని తినేస్తున్నది. "మునిగెటప్పుడు కడుపునిండ మునుగుదం" అంటుంది. నేను మాత్రం చెప్పులకు కొత్త అడుగులు కుట్టించాను. నాకు నేనే చదువు నేర్చుకున్నవాణ్ణి, దుకాణాల బోర్డులు చదివి. ఏ బోర్డు మీదా లోకం మూసివేయబడును అని రాసి లేదు.

మీ మామ,
గాలయ్య

అమ్రాబాదు,
26 డిసెంబరు 1961

మామకు,

డ్రైవరుకు పెండ్లి కాలేదు. ఇప్పట్లో చేసుకునే ఆలోచన కూడా లేదు. బండి కడిగేది తడిబట్టతోనే. ఈ విషయం ఇంతటితో వదిలేయమని వేడుకోలు.

తుప్పుకు కారణం దొరికింది. మర గీకి బిగించాక, మీట తిప్పగానే పంకా లేచింది. అందరం సంతోషపడ్డాం. తీరా చూస్తే చప్పుడే తప్ప గాలి లేదు. డబ్బా ముందర కట్టుగుడ్డ పేలిక పట్టుకుంటే ఊగనే లేదు. పంకా రెక్క ఊడిందేమో, మోటారు విప్పి నీకు పంపుదామా అని డాక్టరమ్మ, నేను మాట్లాడుకుంటుండగా, డబ్బా సందులోంచి ఒక సన్నని పోగు నా ఒళ్ళో పడింది. వెంట్రుక అనుకొని దులపబోయి, వాసన చూశాను.

మామా, చిన్నప్పుడు వేసవిలో నన్ను భువనగిరికి తోలుకపోయి వకీలు సాబు వరండాలో కూర్చోబెట్టేవాడివి, గుర్తుందా? వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. నేను ముక్కు ఆ తడికకు ఆనించుకొని కూర్చునేదాన్ని. అదే వాసన.

డబ్బా మూత విప్పితే లోపలంతా వట్టివేళ్ళు. పంకాకూ జాలీకీ నడుమ, పిట్టగూడు కూరినట్టు కూరి ఉన్నాయి. నల్లబడి ముద్దకట్టి, పీకుతుంటే పిడికిళ్ళ కొద్దీ వచ్చాయి. ఎవరో హీటరును చల్లగాలి పెట్టెగా మార్చారు. తడిపి తడిపి వాడితే మర తుప్పు పట్టక ఏమవుతుంది?

ఇప్పుడు గాలి జోరుగా వస్తున్నది. కానీ చల్లగా వస్తున్నది. నల్లా తెరిచే ఉంది, ఇంజను మరుగుతున్నది, డబ్బాకు వచ్చే గొట్టం మాత్రం చేతికి చల్లగానే ఉంది. వేడినీళ్ళు ఎక్కడ ఆగిపోతున్నాయో తెలియడం లేదు.

జంగమ్మకు కాళ్ళు పొంగాయి. దవాఖాన పక్కగదిలోనే పెట్టుకున్నాం. ఆమె భర్త బక్కయ్య గడప మీద కూర్చొని లేవడు. నెలలు నిండేదాకా ఆగదని డాక్టరమ్మ అంటున్నారు. తొందరగా రాయి.

యాదలక్ష్మి

రామన్నపేట,
3 జనవరి 1962

కోడలికి,

దీవెనలు తర్వాత. ముందు పని. ఇంజను పూర్తిగా చల్లారాక, నల్లా దగ్గర గొట్టం పట్టీ విప్పండి. గొట్టం లోపల వేలు పెడితే ఒక తుమ్మచెక్క బిరడా తగులుతుంది. దాన్ని లాగేయండి. గొట్టం బిగించి, రేడియేటరు నిండా నీళ్ళు పోసి, ఇంజనును కొద్దిసేపు నడిపి, చల్లారాక మళ్ళీ నీళ్ళు చూసుకోండి. గొట్టం వేడెక్కితే మీ పని అయినట్టు.

ఇది నాకెట్లా తెలిసిందంటావా? నీ ఉత్తరం చదువుతూనే, ఈ పని కురుమయ్యదే అనుకున్నాను. నాకు చూపు మందగించి బండి దిగాక సాబు పెట్టుకున్న డ్రైవరు అతనే. చెప్పులు తొడుక్కొని భువనగిరి బస్సెక్కాను. కోట గుట్ట కింద సైకిళ్ళ దుకాణం పెట్టుకున్నాడు. నన్ను చూడగానే స్టూలు జరిపాడు.

"గాలన్నా, తిట్టనీకి వచ్చినవా, చాయ్ తాగనీకి వచ్చినవా?"

"ముందుగాల తిడత, అటెన్క తాగుత."

"గట్లయితె చాయ్ చల్లారుతది. ముందు తాగు."

తాగాను. తాగినాక తిట్టడం కొంచెం కష్టం. అయినా అడిగాను, దొరసాని నోట్లో గడ్డి కుక్కుతావా అని.

"అన్నా, సాబు ఆఖరి ఎండకాలం నువ్వు చూడలె," అన్నాడు. "పట్నం దవాఖానకు తోలుకపోవాలె. బండి కుండలు కాల్చే కుమ్మరి ఆం లెక్క కాలుతుండె. సాబుకు దమ్ము ఆడకపోతుండె. అద్దాలు దించితె వడగాలి, ఎత్తితె ఉడుకు. వరండల తడిక చూసిన. గా డబ్బల పంక చూసిన. తడిక ఇప్పి కూరిన, చెంబుతోని తడిపిన. నల్లా మూసినా జర కారుతుండె, ఉడుకునీళ్ళు రావొద్దని తుమ్మచెక్క చెక్కి గొట్టంల కొట్టిన."

"తర్వాత?"

"సాబు పట్నందాక నిద్రపోయిండు. అంతకుముందు ఆయన నిద్రపోయి ఎన్ని రోజులైందో అమ్మగారిని అడుగు."

యాదలక్ష్మీ, నేను ఆ బండిని ప్రతి మరా పేరు పెట్టి పిలిచేంతగా ఎరుగుదును. కానీ వేడి చేసే డబ్బాతో మనిషిని చల్లబరచవచ్చని నాకు ఎన్నడూ తట్టలేదు. తిడదామని పోయి, అతను చెక్కిన బిరడా ఎంత పొడవో, ఎంత లావో అడిగి వచ్చాను. మీ జంగమ్మ సంగతి చెబితే అతను పని ఆపి, "గా బిరడా పీకితె సరిపోతది అన్నా, జల్ది రాయి" అని నా చేతికి పోస్టు కవరు తెచ్చి ఇచ్చాడు. ఈ ఉత్తరం అతని దుకాణంలో, సైకిలు సీటు మీద పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే సీటుదే తప్పు.

గాలయ్య

అమ్రాబాదు,
19 జనవరి 1962

మామకు, కురుమయ్య మామకు కూడా,

బిరడా వచ్చింది. చిటికెన వేలంత ఉంది. దాన్ని కడిగి, డాక్టరమ్మ బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నారు. గొట్టం చేతికి చురుక్కుమన్నప్పుడు ఆమె నన్ను పట్టుకొని గిరగిర తిప్పారు.

మొన్న తెల్లవారుతుండగా జంగమ్మకు ఆడపిల్ల పుట్టింది. రెండు అరచేతుల్లో సరిపోయేంత. ఏడుపు కాదు, పిల్లికూన మూలిగినట్టు ఒక సన్నని చప్పుడు. బయట మంచు ఎంతగా ఉందంటే గేటు దగ్గరి వేపచెట్టు కనబడలేదు. డాక్టరమ్మ బిడ్డను తన రొమ్ముకు ఆనించుకొని దుప్పటి చుట్టుకొని ముందు సీట్లో కూర్చున్నారు. జంగమ్మ, బక్కయ్య వెనక. మీట తిప్పగానే పంకా లేచింది. ఘాటు మొదలయ్యేసరికి లోపలి అద్దాలకు చెమట పట్టింది.

కాసేపటికి బక్కయ్య వెనక నుంచి, "అమ్మా, బయట గింత చలి ఉంటె, బండిల ఎండ కాస్తాంది," అన్నాడు. జంగమ్మ ముందుకు వంగి, డాక్టరమ్మ భుజం మీదుగా చెయ్యి చాపి, ఆ గాలిలో పెట్టింది. అట్లాగే పెట్టుకొని కూర్చుంది.

మన్ననూరు మలుపులో ఎదురుగా ఎడ్లబండి వచ్చింది. మంచులో చివరిదాకా కనబడలేదు. బ్రేకు వేస్తే బండి జారింది, చక్రం తిప్పి దారికి తెచ్చుకొని రోడ్డు పక్కన ఆపితే, బక్కయ్య అన్నాడు: "జర మెల్లగ, డ్రైవరమ్మా."

ఇక దాచి లాభం లేదు మామా. దశరథం పోయినప్పటి నుంచి బండి నడుపుతున్నది నేనే. డాక్టరమ్మ నేర్పారు. నీకు రాస్తే అమ్మకు తెలుస్తుంది, అమ్మకు తెలిస్తే ఉద్యోగం మాన్పించి తీసుకుపోతుందని రాయలేదు. సన్న చేతులు నావే. నువ్వు పెండ్లి మాట్లాడతానన్న పిల్లగాణ్ణి కూడా నేనే. ఈ ఒక్క ముక్క అమ్మకు చదవకు.

మహబూబునగరులో దిగేసరికి బిడ్డ ఒళ్ళు వెచ్చగా ఉంది. అక్కడి నర్సు ముట్టుకొని చూసి, "ఎక్కడ పుట్టింది, ఈ పక్కవీధిలోనా?" అని అడిగింది. పాలు పీలుస్తున్నదని ఇవాళ కబురు వచ్చింది.

యాదలక్ష్మి

రామన్నపేట,
8 ఫిబ్రవరి 1962

దొరసాని డ్రైవరు గారికి,

గ్రహాలు వచ్చాయి, ఒక్క ఇంట్లో కూర్చున్నాయి, పోయాయి. లోకం మునగలేదు. అండాలు ఇప్పుడు విత్తనాల కోసం ఊరంతా తిరుగుతున్నది. నా చెప్పుల అడుగులు మాత్రం గట్టిగా ఉన్నాయి.

నీ ఉత్తరం మీ అమ్మకు చదివాను. బిడ్డ పుట్టిన చోట ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఘాటు దిగేటప్పుడు ఊపిరి బిగబట్టింది. నేను బక్కయ్య మాట దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకొని, "జర మెల్లగ, డ్రైవరన్నా" అని చదివాను. ఆ తర్వాతి పేరా మొత్తం మింగేసి మహబూబునగరుకు పోయాను.

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా అన్నది: "డ్రైవరమ్మ అని రాసిందేమో, మంచిగ చూడు."

నా కండ్లద్దాలు జారాయి.

"నీకెట్ల తెలుసే అక్కా?"

"సన్న చేతులు అన్ననాడే తెలిసింది. గా చేతులు నేను కన్నయి గావా? తిన్న అంటది, స్వెట్టరు ఏసుకున్న అంటది. బండిల ఎనక కూసున్న అని ఒక్క ఉత్తరంల రాసిందా? నువ్వు చదువుకున్నోనివి, నీకు తెల్వలే. పెండ్లి సంబంధం ఎతుకుతున్నవు."

"మరి నాకు చెప్పకపోతివి?"

"చెప్తె నువ్వు భయపడి దానికి రాస్తుంటివి. అది భయపడి చక్రం వదిలేస్తుండె. గప్పుడు గా పసిగుడ్డు ఏంగావాలె?"

అక్షరం వచ్చిన నేను ఇన్ని ఉత్తరాలు చదివి ఒక్క మాటా పట్టుకోలేదు. ఆ బండిలో వేడి పుట్టించింది నువ్వు, చల్లదనం పుట్టించింది కురుమయ్య. నేను చేసిందల్లా పేరు పెట్టడం.

మీ అమ్మ ఒక సీసాలో ఆముదం కాచి పోసింది. చక్రం తిప్పినవాళ్ళ అరచేతులు కాయలు కాస్తాయట, పడుకునే ముందు రుద్దుకోవాలట. పోస్టులో పంపితే పగులుతుంది. అందుకని నేనే తెస్తున్నాను. కురుమయ్య ఎండకాలానికి కొత్త వట్టివేళ్ళు, కొత్త బిరడా కట్టి ఇచ్చాడు. ఈసారి బిరడాకు దారం కట్టాడు, మళ్ళీ వచ్చే చలికాలం లాగడం మరిచిపోకుండా ఆ దారం బయటికి వేలాడాలట.

వచ్చే బేస్తవారం పొద్దున అచ్చంపేటలో బస్సు దిగుతాను. బండి తీసుకొని రా. ఇన్నేండ్లలో ఆ బండిలో వెనక సీటు ఎట్లా ఉంటుందో నేను ఎన్నడూ చూడలేదు. అక్కడ కూర్చుంటాను. చలిగా ఉంటే మీట తిప్పమంటాను.

నీ ప్యాసింజరు,
గాలయ్య